ఎండ తగలని చోట మచ్చలు

మా తమ్ముడు ఎరల్ పేరెత్తితే చాలు, నాకు ఒళ్ళు మండుకొస్తుంది. టార్లీ చక్కెర మిల్లులో నలభై నాలుగేళ్ళుగా చెరకు రైలు నడుపుతూ వచ్చినవాడు. నరికిన చెరకు పొలం గట్టున ఒక పూట ఎక్కువ పడి ఉందంటే వాడికి తిండి సహించదు. అలాంటివాడు తన ఒంటి మీద లేచిన కంతుల్ని సరిగ్గా చూపించుకోవడానికి మాత్రం నెలలకి నెలలు తీసుకున్నాడు. ఎప్పుడు అడిగినా ఒకటే మాట. "క్రషింగ్ అవ్వనీ అక్కా."

మాకు క్రషింగ్, అంటే మిల్లులో చెరకు ఆడటం, జూన్‌లో మొదలై నవంబరు దాకా నడుస్తుంది. ఆ ఆరు నెలలూ మిల్లు పొగ ఆగదు, రైలు ఆగదు, ఎరల్ గాడు ఇంకే పనీ ముట్టుకోడు. పన్ను నొప్పి పెడితే క్రషింగ్ అవ్వనీ. ఇంటి కప్పు కారితే క్రషింగ్ అవ్వనీ. రోండా అని బేకరీలో పనిచేసే బంగారం లాంటి పిల్ల వీడి కోసం నాలుగేళ్ళు కాచుకుని కూర్చుంది. పెళ్ళి మాటెత్తినప్పుడల్లా క్రషింగ్ అయ్యాక చూద్దామన్నాడు. క్రషింగ్ ఏటా వస్తుంది కదా! ఆ పిల్ల విసిగిపోయి మకాయ్ పట్నం వెళ్ళి ట్రాక్టర్లు అమ్మేవాణ్ణి చేసుకుంది. ఆ పెళ్ళికి వీడు బహుమతి కూడా పంపాడు, టీ కెటిల్. ఏమనాలి ఇలాంటివాణ్ణి?

నా పేరు డెస్లీ. వాడికంటే ఏడేళ్ళు పెద్దదాన్ని. పోస్టాఫీసు పక్కనున్న సెలూన్ నాదే. ఊళ్ళో ఆడా మగా నా కత్తెర కింద తల వంచనివాళ్ళు లేరు. మా ఆయన పోయాక నేను ముందింట్లో, వాడు వెనకింట్లో, మధ్యలో బట్టలారేసే తీగ. ఆదివారం మధ్యాహ్నం భోజనం నా దగ్గరే. తిన్న ప్లేటు కడిగిన పాపాన పోలేదు ఏనాడూ.

మా వైపు ఎండ మచ్చ, తెల్ల చర్మం మీద ఎండకి లేచి ముదిరితే క్యాన్సరయ్యేది, జలుబు చేసినంత మామూలు. యాభై దాటిన మగాడికి చెవి అంచున ఒక ముక్క తక్కువే ఉంటుంది, ముక్కు మీద కుట్టు ఉంటుంది. శుక్రవారం సాయంత్రం బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో బీరు గ్లాసులు పట్టుకుని ఎవరికి ఎన్ని కాల్చారో ఒకళ్ళకొకళ్ళు చూపించుకుంటారు, అదేదో పతకాలు గెలిచినట్టు. నెలకోసారి ఫుట్‌బాల్ గ్రౌండు పక్కన చర్మం చూసే బస్సు వచ్చి ఆగుతుంది. అందులో డాక్టరు చర్మాన్ని గడ్డకట్టించే నైట్రోజన్ కొట్టి మచ్చని మాడ్చేస్తాడు. అనుమానం వస్తే ముక్క కోసి పరీక్షకి పంపుతాడు. జనం కూరగాయలకి వెళ్ళినట్టు వెళ్ళొస్తారు.

నేనూ ఊరుకునే రకం కాదు. తల దువ్వుతూ దువ్వుతూ "నీకు మాడు మీద ఏదో ఉంది, ఈ నెల బస్సుకి వెళ్ళు, వెళ్ళకపోతే మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అని ఎంతమందిని తరిమానో! అందులో ఇద్దరికి నిజంగానే చెడ్డది బయటపడింది. క్రిస్మస్‌కి ఇప్పటికీ కేకు పంపిస్తారు. ఊరందరి తలలూ చూసినదాన్ని, నా ఇంటి వెనకున్నవాడి వీపు చూడలేకపోయాను. వాడికి పైనుంచి కిందదాకా గుండీలు పెట్టుకునే అలవాటు.

ఆ ఏడు మే నెలలో వాడు బస్సుకి వెళ్ళాడు. మోచేతి మీద మచ్చ కాల్పించుకోవడానికి. డాక్టరు చొక్కా విప్పమన్నాడట. వీపు మీద రెండు, బొడ్డు పక్కన ఒకటి, ఎర్రగా ఊదారంగు కలిసి, గట్టిగా ఉన్నాయి. "ఇవి ఎండ మచ్చల్లా లేవు. వచ్చే నెల రండి, ముక్క తీసి పంపుదాం" అన్నాడట. వీడు అలాగేనన్నాడు. వచ్చే నెలంటే జూన్. ఇంకేముంది, మిల్లు కూత వేసింది, వీడు రైలెక్కాడు. బస్సు వాళ్ళు రెండు ఉత్తరాలు రాశారు. అవి తర్వాత నాకు వాడి వంటింట్లో దొరికాయి, టీ కప్పు కింద, రెండింటి మీదా గుండ్రంగా మరకలు.

ఇక గిడో సంగతి. గిడో పవాన్ మా వాడి సావాసగాడు, మిల్లులో రెండో రైలు వాడిదే. వాళ్ళ తాత ఇటలీ నుంచి చెరకు నరకడానికి వచ్చినవాడు. గిడోకి బ్రాహ్మన్ అనే జాతి ఆవులు నలభై ఉన్నాయి. వాటికి ఎద్దు బీజం దాచడానికి షెడ్డులో నైట్రోజన్ క్యాను పెట్టుకుంటాడు. ఆ క్యాను ఉండటమే కొంప ముంచింది. శనివారం మధ్యాహ్నం రేడియోలో ఫుట్‌బాల్ వింటూ, బీర్లు తాగుతూ, ఊళ్ళో మగాళ్ళు వాడి షెడ్డులో వరసగా కూర్చుంటారు. గిడో చెవి పుల్లకి దూది చుట్టి, క్యానులో ముంచి, మచ్చల మీద అద్దుతాడు. బస్సు కోసం నెలంతా ఆగడం దేనికని! చదువుకోని డాక్టరు, చదువుకోని రోగులు, మధ్యలో ఎద్దు బీజం.

జూలైలో ఒక శనివారం నా గడ్డి కోసే మిషను పాడైందని గిడో షెడ్డుకి వెళ్ళాను. వెళ్ళేసరికి ఎరల్ చొక్కా విప్పి స్టూలు మీద బోర్లా పడుకున్నట్టు వంగి ఉన్నాడు. గిడో వాడి వీపు మీద పుల్ల పెట్టి నొక్కుతున్నాడు. ఆ చోటంతా తెల్లగా గడ్డకట్టింది.

"ఏం చేస్తున్నార్రా?" అన్నాను.

"మచ్చలు మాడుస్తున్నా డెస్లీ అక్కా," అన్నాడు గిడో. "ఇంత మొండి మచ్చలు నేనెక్కడా చూళ్ళేదు. ఇది మూడోసారి."

"మూడోసారా! వీపు మీద ఎండ మచ్చలేంట్రా? వీడు ఏనాడు చొక్కా విప్పాడని?"

ఎరల్ తల ఎత్తకుండానే అన్నాడు. "చిన్నప్పుడు ఏటి దగ్గర విప్పుకుని తిరగలేదా? నువ్వే కదా తీగ మీద ఆరేసేదానివి."

నిజమే. వేసవి సెలవులంతా వీడు నిక్కరు మీదే తిరిగేవాడు. అప్పటి ఎండ ఇప్పుడు బయటపడిందని ఇక్కడ ప్రతివాడూ చెప్పే మాటే. నేనూ సరేలే అనుకున్నాను. మిషను బాగుచేయించుకుని ఇంటికొచ్చాను. ఎవరిదో మాడు మీద నువ్వుగింజంత మచ్చ చూసి గుమ్మం తొక్కొద్దన్నదాన్ని, కళ్ళెదురుగా అంత కంతి చూసి ఊరుకున్నాను. ఆ రోజు తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

మాడ్చిన చోట్లు బొబ్బలెక్కి, పగిలి, పుళ్ళయ్యాయి. చొక్కాకి అంటుకుని రసి కారుతుంటే మిల్లు వాళ్ళే ఊళ్ళో ఆస్పత్రికి పంపారు. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు ఎలా అయిందని అడిగితే, ఇంజను పైపు తగిలి కాలిందన్నాడట మహానుభావుడు! ఎద్దు క్యాను సంగతి చెబితే గిడోకి మాటొస్తుందట. కాలిన పుండుకి ఏమిస్తారు, అదే ఇచ్చారు. పూత మందు, పది రోజుల మాత్రలు. అలా ఇంకో నెల మట్టి కొట్టుకుపోయింది.

ఆగస్టు చివర్లో, మాకు అది చలికాలం, ఒక గురువారం షిఫ్టు దిగి క్షవరానికొచ్చాడు. కుర్చీలో కూలబడ్డాడు. మెడకి గుడ్డ కట్టబోతే కాలరు రెండు వేళ్ళు దూరేంత వదులు. బెల్టుకి మేకుతో కొత్త కన్నాలు రెండు పొడుచుకున్నాడు.

"ఇలా చిక్కిపోయావేంట్రా?"

"ఎండలకి."

"చలికాలంలో ఎండలేంటి?"

"అయితే చలికి."

ఒక్కటిచ్చుకుందామనిపించింది. నోరు మూసుకుని కుడివైపు కత్తిరించాను. చెవి వెనక్కి వెళ్ళేసరికి వేలికి గట్టిగా ఒకటి తగిలింది. జుట్టు పక్కకి తీసి చూశాను. ఎండ మచ్చ అయితే గరుకుగా, పొలుసు కట్టి ఉంటుంది. ఇది నున్నగా ఉంది, లోపల్నుంచి ఎవరో నెట్టినట్టు. నలభై ఐదేళ్ళలో కొన్ని వేల తలలు పట్టుకున్న వేళ్ళివి. చెయ్యి అలాగే కిందికి జార్చాను. దవడ కింద మూడు బిళ్ళలు, నొక్కితే పక్కకి జరుగుతున్నాయి.

"ఇవి ఎప్పటి నుంచిరా?"

"ఏవి?"

"ఒరేయ్!"

"మొన్నటి నుంచి."

"ఏ మొన్న?"

"ఈస్టరప్పుడు."

నేను కత్తెర బల్ల మీద పెట్టేశాను. గుడ్డ విప్పి దులిపాను. "లే."

"అయిపోయిందా?" అంటూ అద్దంలో చూసుకున్నాడు. కుడివైపు నున్నగా ఉంది. ఎడమవైపు చెవి మీద పడుతోంది. "అక్కా, ఇదేంటి?"

"సగం అయింది. మిగతా సగం ఆస్పత్రికి వెళ్ళొచ్చాక."

"ఇలా ఎలా తిరగనూ?"

"టోపీ పెట్టుకుని తిరుగు."

"క్రషింగ్ అవ్వనీ..."

"ఆ మాట ఇంకొక్కసారి నీ నోట్లోంచి వచ్చిందంటే ఆ సగం కూడా పీకేస్తాను!"

వాడు టోపీ పెట్టుకుని, గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుని మరీ వెళ్ళిపోయాడు. రేపో ఎల్లుండో సిగ్గేసి దారికొస్తాడనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని! సిగ్గు ఉన్నవాడైతే కదా. తొమ్మిది రోజులు అలాగే తిరిగాడు. గేటు దగ్గర రైలు కోసం ఆగినవాళ్ళకి టోపీ తీసి దణ్ణం పెట్టి నవ్వించేవాడట. బౌల్స్ క్లబ్బులో ఎడమపక్క కూర్చున్నవాడికి ఒక ఎరల్, కుడిపక్క కూర్చున్నవాడికి ఇంకో ఎరల్ అని ఒకటే ఎకసెక్కాలు. వాళ్ళు నన్ను చూసి కూడా నవ్వారు, ఎంత మొండిదానివే డెస్లీ అని. మొండిది నేనట! గిడో దగ్గర ఆవుల వెంట్రుకలు కత్తిరించే మిషను ఉంది. దాంతో మిగతా సగం చేయమని వీడు అడిగాడని తెలిసి ఫోను చేసి చెప్పాను. "గిడో, నువ్వా మిషను ఆన్ చేశావంటే నీ తల జన్మలో ముట్టుకోను." వాడు ముట్టలేదు.

ఎనిమిదో రోజు గిడోనే నా షాపుకొచ్చాడు. షాపులో ఎవరూ లేకుండా చూసుకుని, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, నీకు చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాడు."

"అయితే ఒట్టు గట్టున పెట్టి చెప్పు."

"వాడికి గజ్జల్లో బిళ్ళ ఉంది. నిమ్మకాయంత. పోయిన క్రిస్మస్ నుంచీ ఉంది. వరిబీజం లాంటిదేదోలే అన్నాడు. ఇంజను ఎక్కేటప్పుడు కాలు చేత్తో ఎత్తి పెట్టుకుంటున్నాడు. ఈ వారం రెండుసార్లు సీట్లోనే చెమటలు పట్టి తడిసి ముద్దయ్యాడు." టోపీ అంచు నలుపుతూ అన్నాడు. "నేను అవి మాడ్చకుండా ఉండాల్సింది."

వాణ్ణి తర్వాత తిట్టొచ్చనుకున్నాను. షాపుకి తాళం వేసి, నేరుగా మిల్లుకి వెళ్ళాను. టీ తాగే గదిలో పదిహేను మంది మగాళ్ళున్నారు. మా వాడు మూలన కూర్చుని బీట్‌రూట్ శాండ్‌విచ్ తింటున్నాడు.

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆస్పత్రి. గజ్జల్లో బిళ్ళ చూపించడానికి వస్తావా, ఇక్కడే అందరికీ చూపించమంటావా?" అన్నాను.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. నా వెనకే వచ్చిన గిడో వైపు ఒక్క చూపు చూశాడు. "వస్తా," అన్నాడు. "ఎడమవైపు కత్తిరిస్తానంటేనే." బిళ్ళ నుంచి ముక్క తీయించి, పొట్టకి స్కాన్ కూడా చేయించాక ఆస్పత్రి బయట కారు పక్కన నిలబెట్టి కత్తిరించాను. ఆ రోజు వాడి మెడ చేతికి ఎంత సన్నగా తగిలిందో చెప్పలేను.

రెండు వారాలకి పిలుపొచ్చింది. డాక్టర్ ఇఫియోమా అని నైజీరియా నుంచి వచ్చిన అమ్మాయి. మా ఊరొచ్చి ఏడాదే అయినా, మా మగాళ్ళ సంగతి పదేళ్ళు చూసినదానిలా తెలుసు. వాడి చొక్కా విప్పించి, పుళ్ళు మానిన చోట మళ్ళీ లేచిన కంతుల్ని ఒక్కొక్కటే తడిమి చూసింది. బెల్టు వదులు చేయించి తుంటి మీద ఉన్నవి కూడా చూసింది. అక్కడ చర్మం పాలలా తెల్లగా ఉంది.

"ఎరల్ గారూ, ఇక్కడ ఎప్పుడైనా ఎండ తగిలిందా?"

"లేదండీ. అంత చెడిపోలేదు."

ఆవిడ నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "ఎండ వల్ల వచ్చేది చర్మంలోనే పుడుతుంది. ఇది మీ పొట్టలో, గజ్జల్లో ఉన్న గ్రంథుల్లో పుట్టింది. చాలా నెలలు అక్కడే పెరిగి, ఆ తర్వాత చర్మం మీదికొచ్చింది. లింఫోమా అంటారు. ఒక రకం క్యాన్సరు. పైన కనిపించేవాటిని ఎన్నిసార్లు కాల్చినా లాభం లేదు, వేరు లోపలుంది. మందు రక్తంలోకి ఎక్కించాలి. నయమవడానికి అవకాశం ఉంది. కానీ ఇప్పటికే ఆలస్యమైంది."

"అయితే ఎండ తప్పు లేదన్నమాట," అన్నాడు వాడు, ఎండ ఏదో వాడి చుట్టమైనట్టు.

"సోమవారం నుంచి టౌన్స్‌విల్‌లో పెద్ద ఆస్పత్రిలో మొదలుపెడదాం."

"తొమ్మిది వారాలు ఆగితే చాలండీ. క్రషింగ్ అయిపోతుంది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. "తొమ్మిది వారాలు ఆగితే నేను చేయగలిగింది ఏమీ ఉండకపోవచ్చు" అని ఆవిడ విడమరచి చెప్పింది. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. వాడు బుద్ధిమంతుడిలా తలూపి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు పొద్దున్న అయిదింటికి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఇద్దరు డ్రైవర్లు సెలవులో ఉన్నారట. చెరకు ఎవరు లాగుతారట! నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు నేను చేసిన పని ఊళ్ళో కొందరికి ఇప్పటికీ నచ్చదు. మిల్లులో రైళ్ళు పంపే ఆఫీసుకి వెళ్ళి, మా తమ్ముడికి క్యాన్సరు ఉంది, ఇంజనులో చెమటలు పట్టి తల తిరుగుతోంది, ఏ గేటు దగ్గరైనా స్కూలు బస్సుని గుద్దితే ఎవరిది పూచీ అని అడిగాను. తల తిరగడం నేను కల్పించిందే. మిగతాదంతా నిజం. గంటలో వాణ్ణి ఇంజను దింపేశారు. నలభై నాలుగేళ్ళుగా రైలు నడిపిన మనిషిని మిగతావాళ్ళ ముందు తాళాలు అడిగి పుచ్చుకున్నారు.

వాడు నాతో మాట మానేశాడు. ఆదివారం భోజనానికి రాలేదు. తీగ మీద నా బట్టలు ఆరేసి ఉంటే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. సోమవారం టౌన్స్‌విల్ వెళ్ళాడు, కానీ నా కారులో కాదు, గిడో కారులో. నేను కిటికీ తెర పక్కనుంచి చూశాను. వెళ్తే చాలనుకున్నాను. జన్మలో మాట్లాడకపోయినా ఫరవాలేదు, వెళ్తే చాలు.

మూడు వారాలకోసారి మందు. రెండు విడతలు అలాగే గడిచాయి. నేను సూపు చేసి వెనకింటి మెట్టు మీద పెట్టేదాన్ని, ఖాళీ గిన్నె తిరిగొచ్చేది. కడిగి ఉండేది! అంత కోపం వాడికి నా మీద.

మూడో విడత అయ్యాక ఒక మధ్యాహ్నం షాపుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తీశాడు. గుండు. కనుబొమ్మలు కూడా లేవు.

"ఏం కత్తిరించనురా?" అన్నాను.

"కాసేపు కూర్చోనీ." అద్దంలోంచి నన్ను చూశాడు. "అమ్మ మంచాన పడ్డప్పుడు నువ్వు రెండేళ్ళు షాపు మూసేశావు. మళ్ళీ తెరిచేసరికి సగం మంది వేరేచోటికి పోయారు. బావ కూడా ఆ రెండేళ్ళూ ఒంటరిగా ఉన్నాడు. క్రిస్మస్‌కి ఈ బిళ్ళ తగిలినప్పుడు అదే గుర్తొచ్చింది. మళ్ళీ నీ చేత షాపు మూయించడం దేనికని."

"ఎవడడిగాడ్రా నిన్ను? ఎవడడిగాడు?" అని అరిచాను. షాంపూ సీసా చేతిలోంచి జారిపడింది. "నా షాపు, నా ఇష్టం! మూస్తాను, తెరుస్తాను, తగలబెట్టుకుంటాను! నన్నొక్క మాట అడగాలని తోచలేదా నీకు?"

"అడిగితే మూసేసేదానివి."

వాడి గుండు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వాడూ తీసేయమనలేదు. ఆ ఆదివారం భోజనానికొచ్చాడు, తిన్న ప్లేటు కడగలేదు, నా ప్రాణం కుదుటపడింది.

నాలుగో విడతకి కంతులు చప్పబడ్డాయి. ఆరోదానికి చర్మం మీద గోధుమరంగు మరకలు తప్ప ఏమీ మిగల్లేదు. ఫిబ్రవరిలో స్కాన్ తీసి, లోపల కూడా ఏమీ కనపడటం లేదని, అయినా రెండేళ్ళు జాగ్రత్తగా ఉండాలని చెప్పింది ఇఫియోమా. తిరిగొస్తే చర్మం మీదే ముందు కనపడొచ్చంది. గిడో షెడ్డులో బీర్లు తాగారు. దూది పుల్లలు లేవు, గిడో ఆ పని మానేశాడు. జూన్‌లో మిల్లు డాక్టరు కాగితం చూసి వాడికి మళ్ళీ తాళాలిచ్చారు. మొదటిరోజు మా ఇంటి వెనక పట్టాల మీద వెళ్తూ అంతసేపు కూత వేశాడు, పక్కింటివాళ్ళు తిట్టారు.

ఆగస్టు రెండో వారం, బుధవారం, పదకొండు గంటలవుతోంది. ఒకావిడకి రంగు పూస్తున్నాను, ఇంకొకావిడ పత్రిక తిరగేస్తోంది. తలుపు తోసుకుని ఎరల్ లోపలికొచ్చాడు. బూట్లు తుడుచుకోలేదు. చేతుల నిండా చెరకు మసి.

"రైలెక్కడరా?"

"పక్క పట్టాల మీద, సైడింగులో వదిలేశా. గిడో వచ్చి పట్టుకెళ్తాడు." నిండు పెట్టెల రైలుని మధ్యలో వదిలి దిగడం వాడి జన్మలో లేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళ ముందే గుండీలు విప్పాడు. "పొద్దున్న స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. మొన్న లేదు. నిన్న లేదు. చూడక్కా."

పక్కటెముకల కింద, కందిగింజంత. ఎర్రగా, ఊదారంగు కలిసి. చేతి తొడుగు తీసి వేలు పెట్టాను. నున్నగా, గట్టిగా ఉంది.

"దోమ కుట్టి ఉంటుందిరా," అన్నాను.

"అక్కా."

"లేకపోతే ఆకు గీసుకుని ఉంటుంది. వెళ్ళి నీ పని చూసుకో. సాయంత్రం వెలుతురులో మళ్ళీ చూద్దాంలే. ఇప్పటికిప్పుడు పరిగెత్తేంత..." ఆ మాటలు నా నోట్లోంచే వస్తున్నాయి. ఆపుదామన్నా ఆగడం లేదు. రంగు పూయించుకుంటున్నావిడ అద్దంలోంచి నన్నే చూస్తోంది.

వాడు నెమ్మదిగా గుండీలు పెట్టుకున్నాడు. "నీకు భయంగా ఉంటే ఇక్కడే ఉండు. నేను ఇఫియోమా దగ్గరికి వెళ్తున్నా. ఫోను చేశాను, రమ్మంది."

ఆ రంగు అలాగే వదిలేసి వాడి వెనకే బయటికొచ్చాను. కారు తలుపు దగ్గర తాళంచెవి కన్నంలో దూరడం లేదు. వాడు నా చేతిలోంచి తీసుకుని నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి తనే నడిపాడు. దారి పొడుగునా నేను కిటికీలోంచి చెరకు పొలాలే చూస్తూ కూర్చున్నాను. వంతెన దాటాక వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "ఏదో ఒకటి తిట్టక్కా. నాకు భయమేస్తోంది."